పోస్ట్‌గ్రెస్ పచ్చగానే ఉంటుంది, బిల్లు మాత్రం రాదు

పర్లాకిమిడి బిల్లు:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. మందుల హోల్‌సేల్ షాపులో పని. బిల్లింగ్, స్టాకు, కంప్యూటర్లు, బండి లోడవుతుంటే అట్టపెట్టెలు అందించడం, అన్నీ నేనే. నేను బీకామ్. సర్వర్ల గురించి ఎక్కడా చదువుకోలేదు. ఉబుంటు అనే లినక్స్ నేర్చుకున్నది ఈ షాపులోనే, దెబ్బలు తింటూ.

సంగతి ఇది. గోడౌన్ వెనక గదిలో ఒక సర్వర్ ఉంది. ఉబుంటు 22.04, అందులో పోస్ట్‌గ్రెస్ 14 అనే డేటాబేస్ ప్రోగ్రాం. ముందు హాల్లో ఆరు బిల్లింగ్ సిస్టమ్‌లు. ఆరూ 192.168.1.10 అనే ఈ సర్వర్‌కే కలుస్తాయి. మా శావుకారుకి షార్ట్ సర్క్యూట్ అంటే మహా భయం. రాత్రి షాపు కట్టేసేటప్పుడు ఫ్రిజ్ లైన్ ఒక్కటి ఉంచి మెయిన్ దింపించేస్తారు. అందుకని 9.40కి సర్వర్ తనంతట తాను షట్‌డౌన్ అయ్యేలా పెట్టాను. తర్వాత కుర్రాడు యూపీఎస్ బటన్ నొక్కి మెయిన్ దించుతాడు. పొద్దున్న ఏడింటికి మెయిన్ ఎత్తగానే "లైన్ ఆసిలా!" (కరెంటు వచ్చింది) అని ఒక కేక. సర్వర్, స్విచ్, ఫైబర్ డబ్బా అన్నీ ఒకేసారి నిద్ర లేస్తాయి.

దసరా దాకా ఏ గొడవా లేదు. దసరాకి పాత ఎనిమిది పోర్టుల స్విచ్ తీసేసి 24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అప్పట్నుంచి వారంలో రెండు మూడు రోజులు ఇదే భాగోతం. బిల్లింగ్ తెరవగానే "కనెక్షన్ రిఫ్యూజ్డ్". 7.30కి గుణుపూర్ బండి బయల్దేరాలి. థర్మాకోల్ డబ్బాలో జెల్ ప్యాకుల మధ్య ఇన్సులిన్ సర్ది, టేపు కూడా వేసేసి ఉంటుంది. బిల్లు లేనిదే డబ్బా కదలదు. డ్రైవరు హారన్ కొడతాడు, శావుకారు నా వైపు చూస్తారు. ఏమీ అనరు. అదే పెద్ద టెన్షన్.

నేను చూసినవి చెప్తాను. సర్వర్ మీద స్టేటస్ అడిగితే పోస్ట్‌గ్రెస్ పచ్చగా యాక్టివ్ అనే చూపిస్తుంది. సర్వర్‌లోనే కూర్చుని డేటాబేస్‌లోకి వెళ్తే వెళ్తోంది. బిల్లింగ్ సిస్టమ్ నుంచి పింగ్ చేస్తే పింగ్ అందుతోంది. కానీ బిల్లింగ్ మాత్రం కలవదు. పోస్ట్‌గ్రెస్‌ని ఒక్కసారి రీస్టార్ట్ చేస్తే ఇక సాయంత్రం దాకా ఏ రోగమూ ఉండదు.

నెట్‌వర్క్ రాకముందే పోస్ట్‌గ్రెస్ లేచిపోతోందని నా అనుమానం. అందుకని సర్వీసుల సెట్టింగులు మార్చే సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో పోస్ట్‌గ్రెస్ సర్వీస్‌కి ఆఫ్టర్ ఈక్వల్స్ నెట్‌వర్క్ ఆన్‌లైన్ టార్గెట్ అని చేర్చాను. ఏ మార్పూ లేదు. అప్పుడు, చెప్పిన టైముకి పనులు చేసిపెట్టే క్రాన్‌లో, బూట్ అయ్యాక 60 సెకన్లు నిద్రపోయి పోస్ట్‌గ్రెస్‌ని రీస్టార్ట్ చెయ్యి అని రాశాను. కొన్ని రోజులు పనిచేస్తుంది, కొన్ని రోజులు చెయ్యదు. వీడికి ఏ రోజు బుద్ధి పుడుతుందో నాకు తెలీదు.

దీంతో పాటు ఇంకోటి. రాత్రి తీసిన బ్యాకప్‌ని పొద్దున్నే బయట ఒక సర్వర్‌కి పంపే చిన్న స్క్రిప్టు ఉంది. దాన్నీ సర్వీస్‌గానే పెట్టాను, ఫెయిలైతే మళ్లీ మొదలవ్వమని కూడా రాశాను. అది వరసగా చచ్చిపోయి చివరికి "స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ" అని చేతులెత్తేస్తోంది.

నెట్‌వర్క్ పూర్తిగా వచ్చాకే సర్వీసులు లేచేలా చేయడం ఎలా?

జయపురం కేబుల్:

తమ్ముడూ, 60 చాలకపోతే 180 పెట్టు. సరదాకి అన్నాలే, అది మందు కాదు.

నేను లైన్లు లాగేవాణ్ని, సాఫ్ట్‌వేర్ నా పని కాదు. కానీ మేనేజ్డ్ స్విచ్ సంగతి తెలుసు. పాత ఎనిమిది పోర్టులది కరెంటు తగలగానే లైట్లు వెలిగించేస్తుంది. ఈ పెద్దది తనే ఒక కంప్యూటర్. లోపల దాని సాఫ్ట్‌వేర్ లోడవ్వాలి, అన్నీ పరీక్ష చేసుకోవాలి, ఆ తర్వాతే పోర్టులు లేస్తాయి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి, ప్లగ్ పెట్టిన క్షణం నుంచి సర్వర్ పోర్టు లైటు వెలిగేదాకా ఎంతసేపో చూడు.

ఇంకో మాట. ఫ్రిజ్ లైన్ రాత్రంతా ఉంటుందన్నావు కదా. స్విచ్ ప్లగ్ తీసి అందులో పెట్టెయ్. రాత్రి పడుకోకపోతే పొద్దున్న లేవాల్సిన పనే లేదు.

రాయగడ రూట్:

కేబుల్ అన్న చెప్పిన స్టాప్‌వాచ్ పని ముందు చెయ్యి. ఈలోగా ఆఫ్టర్ ఎందుకు పనిచేయలేదో చెప్తాను. ఇందులో పడనివాడు లేడు, నేనూ పడ్డాను.

బూట్‌లో సర్వీసుల్ని లేపే ప్రోగ్రాం సిస్టమ్‌డీ. అందులో పేర్లు దగ్గరగా ఉన్నా రెండు వేరు వేరు టార్గెట్లు, అంటే బూట్‌లో మైలురాళ్లు, ఉన్నాయి. ఒకటి నెట్‌వర్క్ టార్గెట్, రెండోది నెట్‌వర్క్ ఆన్‌లైన్ టార్గెట్. మొదటిదాన్ని చూసి అందరం మోసపోతాం. నౌపడలో స్టేషన్ మాస్టర్ డ్యూటీ ఎక్కాడంటే గుణుపూర్ బండి ప్లాట్‌ఫాం మీదికి వచ్చేసినట్టు కాదు కదా. నెట్‌వర్క్ టార్గెట్ అంటే అంతే, నెట్‌వర్క్ చూసుకునే ప్రోగ్రాం డ్యూటీ ఎక్కింది అని. ఐపీ వచ్చిందా, కేబుల్ ఉందా, దానికి అనవసరం. అసలు దాని ముఖ్యమైన ఉపయోగం షట్‌డౌన్‌లో. దాని తర్వాత లేచిన సర్వీసులు, నెట్‌వర్క్ పోకముందే ఆగుతాయి. చెప్పాల్సిన చివరి మాట ఏదైనా ఉంటే నెట్‌వర్క్ ఉండగానే చెప్పుకుని పోతాయి.

నువ్వు రాసింది ఆన్‌లైన్ టార్గెట్టే, అక్కడిదాకా సరే. కానీ ఆఫ్టర్ ఒక్కటే రాశావు. పెళ్లి భోజనాల్లో "పెద్దబావ కూర్చున్నాకే నేను కూర్చుంటా" అన్నావనుకో. పెద్దబావకి శుభలేఖే వెళ్లకపోతే? ఆయన రాడు, ఆయన కోసం ఎవరూ ఆగరు, నువ్వు మొదటి బంతిలోనే కూర్చుంటావు. ఆఫ్టర్ అన్నది వరస మాత్రమే. శుభలేఖ వేరే, అది వాంట్స్. వాంట్స్, ఆఫ్టర్ రెండూ రాయాలి. ఇంకో సర్వీస్ ఏదైనా ఆ టార్గెట్‌ని పిలిచి ఉంటే ఆఫ్టర్ ఒక్కదానితోనే గట్టెక్కుతావు. ఒక మెషీన్‌లో పనిచేసింది ఇంకో మెషీన్‌లో చెయ్యకపోవడం ఇందుకే.

ఇంకో చిన్న మెలిక. ఆన్‌లైన్ టార్గెట్ దానంతటది ఎవరి కోసమూ ఆగదు. దాని వెనక నిజంగా కాపలా కాసేది ఒక వెయిట్ సర్వీస్. నెట్‌వర్క్ మేనేజర్ ఉన్నచోట దానిది ఒకటి, నీలాగా ఉబుంటు సర్వర్‌లో అయితే సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ వెయిట్ ఆన్‌లైన్. దాని స్టేటస్ ఏం చెప్తోందో చూసి రాయి.

అలాగే పోస్ట్‌గ్రెస్ స్టేటస్‌లో యాక్టివ్ పక్కన బ్రాకెట్లో ఏ మాట ఉందో అదీ రాయి. రన్నింగా, ఎగ్జిటెడా? పచ్చ రంగు చూసి ఆగిపోకు. పోస్ట్‌గ్రెస్ సొంత లాగ్‌లో ఆ టైముకి ఏం రాసుకుందో కూడా కావాలి.

పర్లాకిమిడి బిల్లు:

రూట్ అన్నా, అడిగినవన్నీ చూశాను. సిగ్గుపడాల్సినవి కూడా ఉన్నాయి, చెప్పేస్తాను.

స్విచ్: ప్లగ్ పెట్టినప్పటి నుంచి సర్వర్ పోర్టు లైటు వెలిగేదాకా ఒకసారి 1 నిమిషం 42 సెకన్లు, ఇంకోసారి 1 నిమిషం 49. సర్వర్ బటన్ నుంచి పోస్ట్‌గ్రెస్ లేచేదాకా 40 సెకన్ల పైచిలుకు. దానికి నా 60 కలిపితే 100 దాటుతుంది. అంటే రోజూ నేను నాలుగైదు సెకన్ల మీద జూదం ఆడుతున్నానన్నమాట.

స్టేటస్: యాక్టివ్ పక్కన ఎగ్జిటెడ్ అనే ఉంది. ఇన్నాళ్లూ ఆ మాట నా కంటికే ఆనలేదు.

వెయిట్ సర్వీస్: మాస్క్‌డ్, అంటే అసలు లేవకుండా కట్టేసినట్టు, అని చూపిస్తోంది. మాస్క్ చేసింది ఎవరో కాదు, నేనే. ఈ సర్వర్‌కి రెండు లాన్ పోర్టులున్నాయి, రెండోదానికి కేబుల్ లేదు. కొత్తలో బూట్ అయ్యేటప్పుడు "నెట్‌వర్క్ కాన్ఫిగర్ అయ్యేదాకా ఆగుతున్నాను" అని తెర మీద చుక్కలు అటూ ఇటూ తిరుగుతూ 2 నిమిషాలు నిలబడిపోయేది. ఎక్కడో చదివి ఆ సర్వీస్‌ని మాస్క్ చేశాను. బూట్ గాలిలా అయిపోయింది. శావుకారు దగ్గర మెప్పు కూడా పొందాను.

లాగ్: చెడిన రోజు పొద్దున్నది చూస్తే, 192.168.1.10కి బైండ్ కాలేకపోయాను (ఆ అడ్రస్ మీద కూర్చోలేకపోయాను), "క్యానాట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రస్" అని ఉంది.    దాని కింద, ఆ అడ్రస్‌కి లిజన్ సాకెట్ చేయలేకపోయానని ఒక వార్నింగ్. ఆ తర్వాత ఏమీ జరగనట్టు "కనెక్షన్లు తీసుకోడానికి సిద్ధం" అనేసింది.

పోస్ట్‌గ్రెస్ ఏ అడ్రస్‌ల మీద వినాలో చెప్పే లిజన్ అడ్రసెస్‌లో నేను పెట్టినవి రెండు: లోకల్‌హోస్ట్ (సర్వర్ తనకి తాను), 192.168.1.10.

బరంపురం పట్టు:

తమ్ముడూ, నీ కథంతా ఆ చివరి రెండు మాటల్లో ఉంది. నాకు డేటాబేసులతోనే జుట్టు నెరిసింది కాబట్టి ఈ ఒక్కటి కాస్త వివరంగా చెప్పనివ్వు.

లిజన్ అడ్రసెస్‌లో ఎన్ని రాస్తే అన్నింటికీ పోస్ట్‌గ్రెస్ బైండ్ అవ్వాలని చూస్తుంది. ఒక్కటి దొరికినా చాలు, మిగతావాటికి ఒక వార్నింగ్ రాసి పడేసి ముందుకెళ్లిపోతుంది. ఏ ఒక్కటీ దొరక్కపోతేనే ఫేటల్ అని ఆగుతుంది. నీ లిస్టులో లోకల్‌హోస్ట్ ఉంది. అది కేబుల్ ఉన్నా లేకపోయినా దొరుకుతుంది. కాబట్టి పోస్ట్‌గ్రెస్ దృష్టిలో ఏ తప్పూ జరగలేదు. సర్వర్‌లో కూర్చున్న నీకు తలుపు తీసింది, హాల్లో ఉన్న ఆరుగురికీ తలుపే లేదు. ఒకసారి మొదలయ్యాక అది కొత్త అడ్రస్ వచ్చిందా అని మళ్లీ చూడదు. అందుకే నువ్వు రీస్టార్ట్ చేసేదాకా అలాగే ఉంటుంది.

ఇక్కడ ఇంకోటి గమనించు. ఫెయిలైతే రీస్టార్ట్ చెయ్యి అని సిస్టమ్‌డీకి ఎంత చెప్పినా ఇక్కడ పనికిరాదు. ఫెయిలైతే కదా!

అడ్రస్ ఎందుకు దొరకలేదంటే, నువ్వు స్టాటిక్ ఐపీ రాసినంత మాత్రాన అది కార్డు మీద కూర్చోదు. అవతలి వైపు స్విచ్ లేచి లింక్ వచ్చేదాకా, నెట్‌వర్క్ చూసుకునే నెట్‌వర్క్‌డీ మామూలుగా అడ్రస్ పెట్టదు. పాత స్విచ్‌తో లింక్ వెంటనే వచ్చేది కాబట్టి నీకు ఈ సంగతి తెలిసే అవకాశమే రాలేదు.

ఇక నువ్వు రాసిన ఆఫ్టర్. శుభలేఖ సంగతి రాయగడ తమ్ముడు చెప్పాడు, నిజమే. కానీ నువ్వు శుభలేఖ ఇచ్చినా తప్పు ఇంటికే వెళ్లేది. ఉబుంటులో, డెబియన్‌లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సర్వీస్ అన్నది ఉత్తి బోర్డు. అది నడిపేది బిన్ ట్రూ అనే ఏమీ చేయని కమాండ్‌ని. అయిపోయింది, ఎగ్జిటెడ్. నువ్వు చూసిన పచ్చ రంగు ఆ బోర్డుది. అసలు మనిషి పేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ యాట్ 14 హైఫన్ మెయిన్. ఎడిట్ చేయాల్సింది దాన్ని, స్టేటస్ అడగాల్సిందీ దాన్నే.

ఇంతా చెప్పి, ఆగమని నేను చెప్పను. నీకు ఆగడం అవసరం లేదు. లిజన్ అడ్రసెస్‌లో ఒక్క నక్షత్రం గుర్తు పెట్టు. అప్పుడు పోస్ట్‌గ్రెస్ ఫలానా అడ్రస్ అని అడగదు, ఈ మెషీన్‌కి ఏ అడ్రస్ మీద వచ్చినా నాకే ఇవ్వు అని సిస్టమ్ గుండె లాంటి కెర్నెల్‌తో చెప్పి కూర్చుంటుంది. అడ్రస్ రెండు నిమిషాల తర్వాత వచ్చినా, మధ్యాహ్నం స్విచ్ పోయి మళ్లీ వచ్చినా దానికి పట్టదు.

నక్షత్రం పెడితే అందరికీ తెరిచినట్టే కదా అని భయపడతావు, భయపడాలి కూడా. తాళం వేరేచోట వెయ్యి. ఎవర్ని లోపలికి రానివ్వాలో రాసే పీజీ హెచ్‌బీఏ ఫైల్లో 192.168.1.0/24, అంటే మీ షాపు నెట్‌వర్క్, నుంచి వచ్చేవాళ్లకి, నీ బిల్లింగ్ డేటాబేస్‌కి, బిల్లింగ్ యూజర్‌కి మాత్రమే స్క్రామ్ పాస్‌వర్డ్‌తో ఒక లైన్ ఉండాలి. అక్కడ ట్రస్ట్ (పాస్‌వర్డ్ లేకుండానే రానివ్వు) అనే మాట కనిపిస్తే ముందు అది తీసెయ్. ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూలో కూడా అదే 192.168.1.0/24 నుంచి పోస్ట్‌గ్రెస్ పోర్టు 5432కి అనుమతి ఇవ్వు. యూఎఫ్‌డబ్ల్యూ కొత్తగా ఆన్ చేస్తున్నట్టయితే, దానికి ముందే, దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్‌కి అనుమతి రాయి. లేకపోతే నీ గోడౌన్ గదికి నువ్వే పరిగెత్తాలి. లిజన్ అడ్రసెస్ మార్చాక రీలోడ్ చాలదు, రీస్టార్ట్ చెయ్యాలి. షాపు మూశాక చెయ్యి.

రాయగడ రూట్:

అక్క చెప్పింది ఒప్పుకుంటున్నాను, పోస్ట్‌గ్రెస్‌కి అదే సరైనది. నక్షత్రం గుర్తుకి ఒప్పుకోని ప్రోగ్రాములు కొన్ని ఉంటాయి, ఒక్క అడ్రసే ఇవ్వాలంటాయి. అలాంటివాటికి రెండు దారులు. కెర్నెల్ సెట్టింగులు మార్చే సిస్‌సీటీఎల్‌లో ఐపీ నాన్‌లోకల్ బైండ్‌ని 1 చేస్తే, ఇంకా రాని అడ్రస్‌కి కూడా బైండ్ అవ్వనిస్తుంది. మామూలుగా అది 0. లేదా నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్‌లో ఆ పోర్టు కింద ఇగ్నోర్ క్యారియర్ ట్రూ అని రాస్తే, అవతల స్విచ్ లేవకపోయినా అడ్రస్ కార్డు మీద పెట్టేస్తుంది.

నీ రెండో బాధ, బ్యాకప్ స్క్రిప్టు, దీని చుట్టం కాదు. పోస్ట్‌గ్రెస్‌కి కావాల్సింది సొంత అడ్రస్. స్క్రిప్టుకి కావాల్సింది బయటి ప్రపంచం. మధ్యలో ఫైబర్ డబ్బా లేవాలి, పేరుని అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ పలకాలి, అవతలి సర్వర్ ఉండాలి. నెట్‌వర్క్ ఆన్‌లైన్ టార్గెట్ వీటిలో దేనికీ హామీ కాదు. అది నీ కార్డు దగ్గరే ఆగిపోతుంది. పైగా డబ్బా లేచినా మన జిల్లాల్లో కాలబైశాఖి గాలొస్తే ఎక్కడ ఫైబర్ తెగుతుందో చెప్పలేం. అంచేత బూట్‌లో ఎంతసేపు ఆగినా లాభం లేదు, ఫెయిలైనప్పుడల్లా కాస్త ఊపిరి తీసుకుని మళ్లీ ప్రయత్నించాలి.

నీది ఎందుకు చేతులెత్తేస్తోందో చెప్తాను. రీస్టార్ట్‌సెక్ రాయకపోతే సిస్టమ్‌డీ 100 మిల్లీసెకన్లకే మళ్లీ లేపుతుంది. 10 సెకన్లలో 5 సార్లు లేచి పడిపోతే ఇక లేపను పో అంటుంది. డీఎన్ఎస్ లేనప్పుడు నీ స్క్రిప్టు క్షణంలో చస్తుంది, అయిదు ప్రాణాలూ ఒకటి రెండు సెకన్లలోనే అయిపోతాయి. రీస్టార్ట్ ఈక్వల్స్ ఆన్ ఫెయిల్యూర్, రీస్టార్ట్‌సెక్ ఈక్వల్స్ 30 అని పెట్టు. అప్పుడు 10 సెకన్లలో 5 సార్లు అనే గీత దగ్గరికే రాడు. టైప్ వన్‌షాట్ (ఒకసారి పనిచేసి ముగిసేది) అయినా ఫరవాలేదు, సిస్టమ్‌డీ 244 నుంచి వన్‌షాట్‌కి ఆన్ ఫెయిల్యూర్ ఒప్పుకుంటుంది, నీ 22.04లో ఉన్నది 249. ఆల్వేస్ అని మాత్రం పెట్టకు, వన్‌షాట్‌కి ఒప్పుకోదు.

ఆ మాస్క్ తీసెయ్. రెండు నిమిషాలు నిలబడినందుకు వెయిట్ సర్వీస్ తప్పేం లేదు. కేబుల్ లేని రెండో పోర్టు కోసం ఆగమని నెట్‌ప్లాన్‌లో నువ్వే చెప్పావు, పాపం అది ఆగింది. 120 సెకన్లు దాని మామూలు గడువు. రెండో పోర్టు కింద ఆప్షనల్ ట్రూ అని రాస్తే దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది.

బరంపురం పట్టు:

నాన్‌లోకల్ బైండ్ గురించి ఒక ముక్క. అది మెషీన్ మొత్తానికి వర్తిస్తుంది. రేపు ఎవరైనా 192.168.1.10 బదులు 192.168.1.100 అని కొట్టారనుకో, ఎర్రర్ రాదు, లేని అడ్రస్ మీద హాయిగా కూర్చుంటుంది. అప్పుడు ఇంకో దసరా దాకా వెతుక్కోవాలి. ఈ షాపులో దాని జోలికి వెళ్లొద్దనే నా మాట.

120 సెకన్ల మీద కూడా ఒక కన్ను వెయ్యి. ఇవాళ నీ స్విచ్ 1.49కి లేస్తోంది. గడువు దాటితే వెయిట్ సర్వీస్ ఫెయిలవుతుంది. వాంట్స్ కాబట్టి పెళ్లికొడుకు రాకపోయినా భోజనాలు మొదలైపోతాయి. అంటే ఆగడం మీద ఆధారపడిన సర్వీసుకి మళ్లీ పాత కథే.

సిరొంచ గోదారి:

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. మీ చర్చకి కొంచెం పక్కకెళ్తున్నాను, కానీ ఇదీ నెట్ రాకముందే లేచే గొడవే.

ఇక్కడ ఒక వేబ్రిడ్జి దగ్గర తూకం చీటీలు కొట్టడానికి రాస్ప్‌బెర్రీ పై 4 పెట్టాను. దానికి సొంత గడియారం లేదు. లేవగానే, తను ఆఖరిసారి రాసిపెట్టుకున్న టైమునే ఇప్పటి టైము అనుకుంటుంది. నెట్ వచ్చాక గానీ సరిచేసుకోదు. పొద్దున్న ఆరింటికి వచ్చిన మొదటి మిర్చి ట్రాక్టరుకి నిన్న రాత్రి తొమ్మిదింపావు అని చీటీ వచ్చింది. రైతు ఆ చీటీ పట్టుకుని "రాత్రి నేను ఇంట్లో పడుకుని ఉన్నాను, ఇది ఎవరి సరుకు?" అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే.

టైమ్ సింక్ టార్గెట్ అని ఒకటుంది, దానికీ ఇదే జబ్బు. సిస్టమ్‌డీ టైమ్ వెయిట్ సింక్ అనే సర్వీస్‌ని ఎనేబుల్ చేస్తేనే అది నిజంగా ఆగుతుంది. చేశాను. అప్పుడు నెట్ లేని రోజు చీటీయే రాలేదు, ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడ్డాయి. చివరికి డీఎస్3231 గడియారం ముక్క, దాని మీదో బటన్ సెల్లు, కొని తగిలించాను. మీ సర్వర్‌కి మదర్‌బోర్డు మీద సెల్లు ఉంటుంది కాబట్టి మీకీ బాధ లేదు. సెల్లు పాతబడి ఉంటే మాత్రం ఒకసారి చూసుకోండి.

పర్లాకిమిడి బిల్లు:

అందరికీ దండాలు. ఆదివారం షాపు సెలవు, బండి లేదు. గోడౌన్‌లో ఒక్కణ్నే కూర్చుని చేశాను.

ముందు పోస్ట్‌గ్రెస్‌కి నక్షత్రం. పీజీ హెచ్‌బీఏ తెరిస్తే అక్క భయపడినట్టే ఉంది. ఎప్పుడో తొందరలో 0.0.0.0/0 (ఎక్కణ్నుంచైనా) అని, చివర ట్రస్ట్ అని నేనే రాసి వదిలేశాను. అది చూసి చెమట పట్టింది. తీసేసి, 192.168.1.0/24, స్క్రామ్ అని మార్చాను. దాంతో మూడో నంబరు సిస్టమ్ కలవడం మానేసింది. దాని సెట్టింగ్స్‌లో పాస్‌వర్డే లేదు, ఇన్నాళ్లూ ట్రస్ట్ మీద బతికింది! పాస్‌వర్డ్ ఇచ్చాక అదీ దారిలోకి వచ్చింది. యూఎఫ్‌డబ్ల్యూ ఎస్ఎస్‌హెచ్‌తోనే మొదలుపెట్టాను, పరిగెత్తలేదు.

ఇక పరీక్ష. స్విచ్ ప్లగ్ పూర్తిగా పీకేశాను. సర్వర్ ఆన్ చేసి మానిటర్ దగ్గర కూర్చున్నాను. తెరిచిన పోర్టులు చూపే ఎస్ఎస్ కమాండ్‌తో చూస్తే 0.0.0.0:5432 మీద, అంటే అన్ని అడ్రస్‌ల మీదా, లిజన్ అని ఉంది, కార్డు మీద మాత్రం అడ్రస్ లేదు. అలా పది నిమిషాలు ఉంచాను. వీధి చివర టీ తాగొచ్చి స్విచ్ ప్లగ్ పెట్టాను. 1 నిమిషం 46 సెకన్లకి లైటు వెలిగింది. హాల్లోకి వెళ్లి ఒకటో నంబరులో బిల్లింగ్ తెరిస్తే తెరుచుకుంది. సర్వర్‌ని ముట్టుకోలేదు. రెండోసారి ఇంకా మొండిగా, అన్నీ నడుస్తుండగా స్విచ్ తీసి పెట్టాను. లైటు వచ్చాక బిల్లింగ్ మూసి తెరిస్తే చాలు, కలిసింది.

ఆ తప్పు ఇంట్లో ఇచ్చిన శుభలేఖ, అంటే నా పాత ఆఫ్టర్ ఫైలు, రివర్ట్ చేసేశాను. వెయిట్ సర్వీస్ మాస్క్ తీసి, రెండో పోర్టుకి ఆప్షనల్ ట్రూ రాశాను. దాని కోసం ఆగేది ఇప్పుడు బ్యాకప్ స్క్రిప్టు ఒక్కటే, వాంట్స్, ఆఫ్టర్ రెండూ పెట్టాను, రీస్టార్ట్‌సెక్ 30. సోమవారం పొద్దున్న సిస్టమ్‌డీ లాగ్, అదే జర్నల్, చూస్తే డీఎన్ఎస్ లేదని రెండుసార్లు పడిపోయి, మూడోసారికి పంపేసింది.

స్విచ్‌ని ఫ్రిజ్ లైన్‌కి మార్చడానికి శావుకారు ఒప్పుకోలేదు, కేబుల్ అన్నా. "ఇన్సులిన్ ఉన్న లైన్లో ఇంకేదీ వద్దు" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, నిజానికి ఆయన అన్నదే కరెక్టు.

క్రాన్‌లో ఆ 60 సెకన్ల లైన్ ఇవాళ తీసేశాను. ఆదివారమే తీసెయ్యాల్సింది. కానీ అది నడవకుండా ముందు హ్యాష్ గుర్తు పెట్టి నాలుగు రోజులు అలాగే ఉంచాను, భయం కొద్దీ.